పాపని దించిన మధ్యాహ్నం

పాప ఆమె భుజం మీద బరువెక్కింది. ఇంకో రెండు చుట్లు తిరిగితే నిద్రపోతుంది. ఆ తర్వాత సోఫాలో కూలబడి గంటన్నర కదలకుండా కూర్చోవాలి, ఎందుకంటే దించితే చాలు, కళ్ళు టపీమని తెరుస్తుంది. ఆర్నెల్లుగా ఇదే వరస. "నీ భుజంలో ఏదో మహిమ ఉందోయ్," అని మొగుడు మురిసిపోతాడు. ఆ మహిమ తనకి అంటకుండా మాత్రం మహా జాగ్రత్త పడతాడు!

సోమవారం ఆమె మళ్ళీ ల్యాబులో చేరాలి. ఎనిమిదేళ్ళుగా రక్తం తీసే పని, ఆమెకి ప్రాణం. "నువ్వు లేకపోతే పాప పడుకోదు కదా, ఇంక ఉద్యోగం మాటెందుకు?" అని మొగుడు భోజనం చేస్తూ తేల్చేశాడు, పప్పులో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచే మొదలుపెట్టింది. కడుపు నింపి, పొడిబట్ట వేసి, కర్టెన్ లాగి, కళ్ళు మూతలు పడుతుండగానే పాపని దాని మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి పక్కన కూర్చోవడం. పాప కుయ్‌మనగానే అత్తగారు పరిగెత్తుకొచ్చి ఎత్తేసుకునేది. "గుక్క పట్టేస్తుందే, నీకు మనసెలా వస్తోంది?" రెండు రోజులూ అంతే. మూడోరోజు ఆమెకే తట్టింది: ఇంటిల్లిపాదీ చేతులు చాచుకుని కాచుకుంటే, పాపం, ఆ పిల్లకి పడుకునే అవకాశమేదీ?

"అత్తయ్యా, ఇవాళ మీరు గుమ్మంలోనే ఉండండి. నిజం ఏడుపైతే నేనే ఎత్తుకుంటాను," అంది. ఏడుపులు ఆమెకి కొత్తా? సూది చూడకుండానే కేకలు పెట్టే మీసాలవాళ్ళని రోజూ చూసిన మనిషి.

దించింది. పాప మూలిగింది, కాళ్ళు తన్నింది, గట్టిగానే అరిచింది. ఆమె పాప ఛాతీ మీద చెయ్యి వేసి "ఇక్కడే ఉన్నా తల్లీ" అంది. అరుపు సణుగుడైంది. చెయ్యి మెల్లగా తీసేసింది. పాప తన పిడికిలి తనే వెతుక్కుని నోట్లో పెట్టుకుంది. రెండు చీకులు చీకి, అలాగే నిద్రపోయింది.

ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఖాళీ భుజం గాల్లో తేలుతున్నట్టుంది. గుమ్మంలో అత్తగారు చాచిన చేతులు దించుకోవడం మర్చిపోయి నిలబడి ఉంది.

వంటింట్లో ఇద్దరూ వేడివేడిగా టీ తాగారు. ఆమె ల్యాబుకి ఫోన్ చేసి, "సోమవారం వస్తున్నాను," అని చెప్పింది. అత్తగారు గ్లాసు పక్కన పెట్టింది.

"నాకూ అప్పట్లో కుట్టు టీచరుగా ఉద్యోగం వచ్చిందే అమ్మాయ్. నేను లేకపోతే మీ ఆయన నిద్రపోడని మానేశా."

"నిద్రపోయేవారు కాదా?"

"ఏమో," అంది అత్తగారు. "ఒక్కసారైనా దించి చూస్తేగా!"