మంగళవారం ముఖారి

నేను ఒక సెలూన్ కుర్చీని. కచేరీ హాలు కుర్చీని కాను. ఈ ముక్క పాలకొల్లు మేళగాళ్ళ చెవిన ఎవరైనా వేస్తే వాళ్ళకి పుణ్యముంటుంది.

బెజవాడలో నన్ను చేసిన మేస్త్రి, మెడ వెనక్కి వాలేలా, నడుము గుండ్రంగా తిరిగేలా చేసి, మహారాజులా బతుకుతావన్నాడు. భీమవరంలో మొదటి యజమాని దగ్గర అలాగే బతికాను. వచ్చినవాళ్ళు కూర్చునేవారు, కునికేవారు, వెళ్ళేవారు. ఆయన కొట్టెత్తేశాక పాలకొల్లులో తాతబ్బాయి పాలబడ్డాను. ఈయన చేతిలో కత్తెర ఉన్నా మనసంతా డోలు మీదే. గడ్డం సగంలో ఉండగా ఎవరైనా కూనిరాగం తీస్తే చాలు, కత్తి పక్కన పెట్టి నా చెయ్యి మీద తాళం వేస్తాడు. ఆ దెబ్బలకి నా కుడిచెయ్యి ఎప్పుడో వదులైపోయింది.

మంగళవారం సెలూన్లకి సెలవు. నాకూ సెలవే అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఆ రోజే ఊళ్ళో మేళగాళ్ళంతా తలుపు దగ్గరగా వేసుకుని ఇక్కడ చేరతారు. పెళ్ళిళ్ళలో ఏడుపు రాగాలు వాయించకూడదు కదా, కడుపులో దాచుకున్నవన్నీ నా నెత్తిన కక్కుతారు. ముఖారి విని విని నా రెగ్జిన్ చిరిగింది.

ఆర్నెల్లుగా ఇంకో గోల. తాతబ్బాయి అక్క నాగరత్నం పోయింది. ఆమె భర్త సూరన్న పేరున్న సన్నాయి విద్వాంసుడు. అప్పట్నించి సన్నాయి ముట్టడు, గడ్డం తియ్యడు. మంగళవారం మంగళవారం వచ్చి నాలో కూలబడతాడు. ఆయన చేత మళ్ళీ వాయించాలని వీళ్ళు ముఖారి మానేసి కల్యాణి, మోహన, అన్నీ హుషారైనవే మోగించడం మొదలెట్టారు. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాడికి పెళ్ళిపాటలు వినిపించే తెలివి మనుషులకే ఉంటుంది.

మొన్న మంగళవారం తాతబ్బాయికి ఓపిక నశించింది. అందర్నీ పంపేశాడు. సెలవునాడు కత్తి పట్టకూడదన్న కట్టుబాటు గాలికొదిలేసి బావ గడ్డానికి నురుగు పూశాడు. ఒక చెంప గీసి ఆగిపోయాడు. సన్నాయి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"అక్క పోయిన కాణ్ణించీ నాకు ఏడుపు రాలేదు బావా. పెళ్ళిళ్ళలో డోలు వాయిస్తా తిరుగుతున్నాను. నీ కోసం కాదు, నా కోసం వాయించు."

 సూరన్న నురుగు చెంపతోనే సన్నాయి అందుకుని ముఖారి ఎత్తుకున్నాడు. మొదట ఊపిరి అందక అపస్వరం పలికింది. రెండోసారి రాగం నిలబడింది.

తాతబ్బాయి డోలు జోలికి పోలేదు. నా కాళ్ళ దగ్గర చతికిలబడి అక్కా, అక్కా అని ఏడ్చాడు. నురుగంతా నా మీదే కారింది. సూరన్న మాత్రం ఆపలేదు. ఆపితే బావమరిది ఏడుపు ఆగిపోతుందనేమో, మధ్యాహ్నం దాటేదాకా వాయిస్తూనే ఉన్నాడు.