బొంగరం చివరిమాట

పెళ్లయిన ఇరవై ఏళ్లలో ప్రిస్కిల్లా ఆదివారం ఆరాధన ఎగ్గొట్టడం అదే మొదటిసారి. తలనొప్పిగా ఉందని చెప్పి, ప్రేమ్ కుమార్ చర్చికి బయల్దేరగానే తలుపు గడియ పెట్టి టీవీ ముందు చాప వేసుకుని కూర్చుంది. పక్కనే నల్లటి అట్టపెట్టె. దాని మీద వెండిరంగు అక్షరాలు: ‘తోకచుక్క ఓడ, పదమూడు భాగాలు, బాగుచేసిన కొత్త ప్రతి.’ సకల జనుల సమ్మెతో బళ్లు కదలక ఆ డీవీడీల పెట్టె వారం రోజులు ఎక్కడో ఇరుక్కుపోయి, శనివారం సాయంత్రానికి తార్నాక చేరింది. మధ్యాహ్నం రెండింటికి యూనివర్సిటీలో అభిమానులంతా కలిసి చూడాలని అనుకున్నారు. అందాకా ఆగడం ఆమె వల్ల కాలేదు.

ఆగి ఉంటే బాగుండేదని పదకొండున్నరకల్లా అనిపించింది.

1986లో, ఆకాశంలో నిజం తోకచుక్క వచ్చిన ఏడాది, పదమూడు మంగళవారాలు టీవీలో వచ్చిన సీరియల్ అది. అట్టముక్కల గ్రహాలు, అగరొత్తుల పొగతో మేఘాలు, దారం కనబడిపోతూ ఎగిరే ఓడ. అయినా ఆ సాయంత్రాలు లేడీస్ హాస్టల్ మెస్సులో చపాతీలు మిగిలిపోయేవి. ఓడ నడిపే అమ్మాయికి తోడుగా బొంగరం అనే మరమనిషి ఉండేది. పన్నెండు వారాలు దానికి ఈల తప్ప మాట లేదు. పదమూడో వారం ఆ అమ్మాయి ఒక్కతే భూమికి బయల్దేరుతుంటే, అది ఆ గ్రహం ఇసుకలో నిలబడిపోయి మొదటిసారి నోరు విప్పి రెండే మాటలు అంటుంది. దాంతో కథ అయిపోతుంది.

“పయనం, బిడ్డా.”

ప్రిస్కిల్లా చెవికి వినబడింది అది. రేపల్లె నుంచి హైదరాబాదు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. గదిలో తనతో ఉండే సారలమ్మ, తన అక్క పెళ్లికని జనగామ దగ్గర వాళ్ల ఊరికి వెళ్లి, ఆ చివరి భాగం చూడలేకపోయింది. తిరిగొచ్చిన రోజు హాస్టల్ మేడ మీద ప్రిస్కిల్లా కథంతా ఆడి చూపించింది. బకెట్టు తల మీద బోర్లించుకుని “పయనం, బిడ్డా” అంటే సారలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ఆ సీరియల్ మళ్లీ వేయలేదు. టేపులే లేవన్నారు. ఇరవై అయిదేళ్లకు, దర్శకుడు పోయాక, ఆయన ఇంటి అటక మీద దొరికాయి. ఒక చిన్న కంపెనీ వాటిని బాగుచేయడానికి ముందుకొచ్చి, బొమ్మ కింద వేసే మాటలు ఎవరైనా రాసిస్తారా అని అభిమానులను అడిగింది. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే ప్రిస్కిల్లా కాకపోతే ఇంకెవరు? ఆఖరి భాగాన్ని పొల్లుపోకుండా చెప్పగలిగేది ఆమె ఒక్కతే. కంపెనీ పంపిన, ఇంకా బాగుచేయని కాపీలో చివరంతా ఒకటే గరగర. తనకు తెలిసిన మాటే కదా, వినడానికేముందని రాసి పంపేసింది.

ఆఖరి భాగంలో ఇప్పుడు గరగర లేదు. పక్కగదిలోంచి పిలిచినంత స్పష్టంగా ఉంది గొంతు.

“పైలం, బిడ్డా.”

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. పైలం. ఐదుసార్లు పెట్టినా పైలమే. వీధి చివర పూలమ్మే సాలమ్మ, రోడ్డు దాటబోతుంటే “పైలం అమ్మా” అంటుంది. సారలమ్మ వాళ్లమ్మ ఫోను పెట్టేసే ముందు పైలమనే అంటుంది. జాగ్రత్త అని. ఇన్నేళ్లలో ఎన్ని వందలసార్లు విన్నదో! ఆ రోజుకు మాత్రం తెలియదు. తెలియని మాటను చెవి తెలిసిన మాటగా మార్చుకుంది. ఓడ కదులుతోంది, పయనమే అయి ఉంటుందనుకుంది.

తెర మీద గొంతు పైలం అంటుంటే, కింద ఆమె రాసిన ‘పయనం’ తెల్లగా నిలబడి ఉంది. పెట్టె వెనక పెద్దక్షరాలతో అదే. అభిమానులు తొడుక్కుని రాబోయే నలభై టీషర్టుల మీదా అదే.

ప్రేమ్ కుమార్ వచ్చేసరికి ఆమె పులిహోర కలుపుతూ కళ్లు తుడుచుకుంటోంది. సంగతి విని అతను బైబిలు బల్ల మీద పెట్టి నవ్వాడు.

“ఇంతేనా? ఎవరన్నా పోయారేమో అనుకున్నా. కింద పడే అక్షరాలు ఎవడు చూస్తాడే?”

“అందరూ చూస్తారండీ. అసలే రోజులెలా ఉన్నాయి? మా మాటను ఆంధ్రావాళ్లు మార్చేశారని వాళ్లంటుంటే, నేను నిజంగానే మార్చి అచ్చేయించాను.”

“కావాలని చేశావా ఏంటి?”

“అది సారలమ్మకు ఎలా చెప్పను?”

ప్రేమ్ కుమార్ వెళ్లి గిన్నెకు మూత వెతికి తెచ్చాడు. సారలమ్మ ఇప్పుడు యూనివర్సిటీలోనే ఫిజిక్స్ చెబుతోంది, సమ్మెలో ముందు వరసలో ఉంది. నెల రోజులుగా స్నేహితురాళ్లిద్దరూ రాష్ట్రం ఊసెత్తకుండా, కూరల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకుంటూ నెట్టుకొస్తున్నారు. మోకాళ్ల గురించి ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

బస్సుల్లేవు. పులిహోర గిన్నె చెరోవైపు పట్టుకుని మొగుడూ పెళ్లాం నడిచారు. క్యాంపస్‌లో దీక్షా శిబిరం దగ్గర ఎవరో డప్పు కొడుతున్నారు. ఫిజిక్స్ వాళ్ల లెక్చర్ హాలు గుమ్మంలో సారలమ్మ చీర మీదనే టీషర్టు తొడుక్కుని నిలబడి ఉంది.

“ఏందే ప్రిస్కీ, గిప్పుడా వచ్చుడు? నాలుగింటికి కరెంటు పోతది. ఇర్వై అయిదేండ్లు ఆగిన, ఇగ నాతోని గాదు. ముందుగాల చివరిదే పెట్టుమన్న.”

“సారా, నీతో ఒక మాట...”

“అన్నీ తర్వాత. గా ముసలాయనను సూసినవా? ఆయననే! బొంగరం!”

ముందు వరసలో తెల్ల పంచె, లాల్చీతో ఎనభై ఏళ్లాయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం సంతకాలు అడుగుతుంటే సిగ్గుపడుతూ పెడుతున్నాడు. కంపెనీ ఇచ్చిన పేర్ల జాబితా పట్టుకుని భానుప్రకాశ్ వెతికి తెచ్చాడట. రీసెర్చ్ స్కాలరు, ఈ అభిమానుల గుంపును కూడగట్టినవాడు, టీషర్టులు వేయించినవాడూ అతనే. హాల్లో డెబ్భై ఏళ్ల రిటైర్డు గుమాస్తాల నుంచి నిన్నమొన్నటి పిల్లల దాకా ఉన్నారు. ఒకామె అట్టతో ఓడ చేసుకొచ్చి దారం కట్టి మరీ ఎగరేస్తోంది.

భానుప్రకాశ్ మైకు అందుకున్నాడు.

“పన్నెండు వారాలు మాట్లాడని బొంగరం చివర్ల మాట్లాడింది. గా గొంతు ఎవరిదనుకున్నరు? మన సీతాఫల్‌మండి లక్ష్మీనర్సయ్య తాతది! స్టూడియోల లైట్లు పట్టినాయన!”

ఈలలతో హాలు అదిరింది.

“కని ఒక్క ముచ్చట. గొంతు మనది తీస్కున్నరు, మాట మాత్రం ఆళ్లది పెట్టిన్రు. పయనమట! మనింట్ల ఎవరన్న పయనం అంటరా?”

“మరి నా కడుపు మీద ఎందుకు రాయించినవ్‌రా?” అని ఎవరో అరిచారు.

“ఏం జేస్త అన్నా? బొంగరం గట్లనే అన్నది గద!”

అందరూ నవ్వారు. సారలమ్మ కూడా తలూపింది. ఆ తల ఊపడం ప్రిస్కిల్లా చూసింది. లేచి నిలబడింది. పులిహోర గిన్నె ఇంకా చేతిలోనే ఉంది.

“అనలేదు బాబూ. బొంగరం ఆ మాట అనలేదు.”

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

“పొద్దున విన్నాను. పైలం బిడ్డా అన్నారు ఆయన. మాట కూడా ఆయనదే. కింద అక్షరాలు నావి. అప్పుడు నాకు ఆ మాట తెలియదు, పయనం అని విన్నాను. ఇన్నేళ్లూ అందరికీ అదే చెప్పాను. పెట్టె మీదా వేయించాను. తప్పు నాది.”

భానుప్రకాశ్ మైకు దించాడు. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ప్రిస్కిల్లా సారలమ్మ వైపు చూడలేక గిన్నెలోకి చూస్తూ నిలబడింది. అప్పుడు ముందు వరసలోంచి దగ్గులాంటి చప్పుడు వచ్చింది. ముసలాయన నవ్వుతున్నాడు. ఆగకుండా, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతున్నాడు.

“అయ్యో బిడ్డా, నువ్వు గూడనా!” అన్నాడు.

భానుప్రకాశ్ పరుగున వెళ్లి మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు.

“కాయితం మీద ‘క్షేమముగా పోయి రమ్ము’ అని రాసుండె. గది చెప్పెటాయన ఆ దినం రాలే. డైరెక్టరు సారు నన్ను పిల్చి, ‘నర్సయ్యా, నీది బొంగురు గొంతు, డ్రమ్ములో తల పెట్టి చెప్పు’ అన్నడు. పెట్టిన. గా క్షేమముగా నా నోట్ల తిరుగలే. అటు సూస్తే గా పిల్ల ఒక్కతె పోతున్నది. పైలం బిడ్డా అన్న. నోటికొచ్చింది, అన్న.”

“సారు తిట్టలేదా తాతా?” అన్నాడు భానుప్రకాశ్.

“తిట్టుడా? ఉరికొచ్చి కావలించుకున్నడు! ‘పయనం! ఎంత మాటన్నావయ్యా నర్సయ్యా, నాకే తట్టలేదు’ అన్నడు. ఆయనది బెజవాడ.”

ఆ సారుకూ పయనమనే వినబడిందని హాలంతటికీ ఒక్కసారే అర్థమైంది. తర్వాత పైకప్పు ఎగిరిపోయేంత నవ్వు. సారలమ్మ టీషర్టు అంచుతో కళ్లు తుడుచుకుంటోంది.

“మరి కాదని నువ్వు చెప్పలే?” అంది.

“చెప్తె మల్ల కాయితం మీదిదే చెప్పిస్తడాయె! నోరు మూస్కున్న. గా దినం సారుకు మంచిగ ఇనబడితె మీకు పైలం లేదు, పయనం లేదు. క్షేమముగా పోయి రమ్మే!” అని ఆయన ప్రిస్కిల్లా వైపు తిరిగాడు. “కూసో బిడ్డా. చేతుల ఏంది, తినేదా?”

“పులిహోరండీ.”

“ఇటు దే.”

మూడింటికి లైట్లు ఆర్పి చివరి భాగం పెట్టారు. రంగులు అంత నిగనిగలాడతాయని ఎవరూ అనుకోలేదు. ఇసుక ఎర్రగా ఉంది! హాస్టల్లో నలుపు తెలుపు టీవీలో చూసిన ప్రిస్కిల్లాకు ఆ ముక్క ఇవాళ పొద్దునే తెలిసింది. అమ్మాయి ఓడెక్కింది. బొంగరం ఆగిపోయింది. గొంతు వినబడబోయే సమయానికి తెర కింద ‘పయనం’ ప్రత్యక్షమైంది. అంతే, నలభై మందీ ఘొల్లున నవ్వారు. గొంతు ఒక్కరికీ వినబడలేదు.

“వెనక్కి తిప్పు!”

తిప్పారు. ఈసారి అక్షరాలు రాకముందే నవ్వారు. మూడోసారి భానుప్రకాశే అందరికంటే ముందు నవ్వాడు. సారలమ్మ లేచి బల్ల మీద అరచేత్తో ఫెళ్లున కొట్టింది.

“నోర్లు మూస్తరా, బయటికి పంపియ్యాల్నా? నేనింకా ఇననే లేదు! గీ సీరియల్‌ల చివరి ముక్క ఇనకుంట ముసల్దాన్నయిన!”

క్లాసులో పిల్లల్లా గప్‌చుప్‌గా కూర్చున్నారు. నాలుగోసారి వచ్చింది. ఎర్రటి ఇసుక, దారం కట్టిన ఓడ, ఒంటరి మరమనిషి. ఎవరూ కింద అక్షరాల వైపు చూడలేదు.

“పైలం, బిడ్డా.”

సారలమ్మ చీకట్లో ప్రిస్కిల్లా చెయ్యి వెతికి గట్టిగా పట్టుకుంది. వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా. తెర వైపే చూస్తూ, ఎవరికీ వినబడకూడదన్నట్టు, “సరే తాతా” అంది.

ముందు వరసలో ముసలాయన నోటినిండా పులిహోరతో వెనక్కి తిరిగాడు.

“ఆఁ, మంచిది. పోయినంక ఫోన్ చెయ్యి.”