ఒక లంకె పల్చగా

పొద్దున లేవగానే ఆ ఇంట్లో మొదటి పని మొగుడి మణికట్టు చూడడం. భార్య దుప్పటి తొలగించి అతని ఎడమచేతిని కిటికీ వెలుతురు వైపు తిప్పుతుంది. గొలుసు కనిపిస్తే ఆ రోజుకి గండం గడిచినట్టే. కనిపించకపోతే పరుపు మీద బూడిదరంగు పొడి ఉంటుంది. దాన్ని చీపురుతో ఊడిస్తే ఇల్లంతా పరుచుకుంటుంది, తడిగుడ్డతో అద్దుకుంటూ తీయాలి. ఈ విద్య ఆమెకి ఏడాది అనుభవం మీద పట్టుబడింది.

ఆ రోజు పొడి ఉంది.

"ఏవండీ, లేవండి. ఇదీ అయిపోయింది."

"ఎన్ని రోజులొచ్చింది?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"తొమ్మిది. పోయినసారి కంటే రెండు రోజులు నయం," అంది. నయం అనైతే అంది గానీ తడిగుడ్డని మళ్ళీ మళ్ళీ పిండుతూనే ఉంది.

అతని చెమట లోహాన్ని తినేస్తుంది. ఒకరికి గురక ఉంటుంది, ఒకరికి చెవుడు ఉంటుంది, ఇతనికి ఇది. ఇంట్లో, వీధిలో, పని చేసే కాగితం మిల్లులో అందరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకునేవాళ్ళు లేరు. బెల్టు తీసేసి ప్యాంటుకి నాడా కుట్టించుకున్నాడు. తలుపు గడియకి భార్య గుడ్డ చుట్టింది. బస్సెక్కితే కండక్టరు మర్యాదగానే చెబుతాడు, "అన్నా, కమ్మీ వదిలేసి సీటు పట్టుకో, ఇంకా జనం ఎక్కాలి" అని. మిల్లులో పనిముట్లకి చెక్క పిడులు వేసి ఇచ్చి తుప్పయ్య అని పేరు పెట్టారు. తుప్పుకీ దీనికీ సంబంధం లేదని మొదట్లో ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు. తర్వాత పిలిస్తే పలకడం మొదలుపెట్టాడు.

అన్నిటికీ ఏదో ఒక దారి దొరికింది. గొలుసుకే దొరకలేదు.

ఆ మిల్లులో ప్రతి మగవాడి చేతికీ గొలుసు ఉండాలి. దాని మీద అతని నంబరు కొట్టి ఉంటుంది. తయారయ్యేది కాగితమే అయినా ఆ ఆవిరిలో, ఆ తడిలో కాగితం కార్డు పూట కూడా నిలవదు. అందుకని ఎప్పటి నుంచో నంబరు గొలుసే చీటీ, గొలుసే హాజరు. గొలుసు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. అది తెగితే ఆ రోజు గేటు తెరవరు. కాబట్టి అక్కడి మగవాళ్ళు టీ తాగుతూ మాట్లాడుకునే మాటల్లో సగం గొలుసుల గురించే. ఏది నల్లబడదు, ఏది సబ్బుకీ నీళ్ళకీ తట్టుకుంటుంది, ఏది తోముకోకపోయినా తళతళలాడుతుంది, ఏది జన్మలో తెగదు అని. ఆడవాళ్ళ నగల పిచ్చి గురించి వేళాకోళం చేసే పెద్దమనుషులే ఒక కొక్కెం గురించి అరగంట వాదించుకునేవారు.

అలాంటి వాదనల్లో తుప్పయ్య మాటకి ఒకప్పుడు తిరుగుండేది కాదు. అందుకే భార్య తమ్ముడు మిల్లులో చేరి, మూడు నెలల్లో మూడు ఇత్తడి గొలుసులు తెంపుకుని, ఇతని దగ్గరికే వచ్చాడు. "బావా, తెగనిది ఒకటి చూసిపెట్టు. నీ కన్ను పడితే చాలు," అన్నాడు. తుప్పయ్య ఒక సెలవు రోజంతా గొలుసుల కొట్టులో కూర్చుని ట్రేలన్నీ కిందికి దింపించి మరీ ఒకటి ఏరాడు. లావుపాటి స్టీలు గొలుసు. ఎక్కడా సన్నం లేదు, అతుకు లేదు. బావమరిది కుడిచేతికి తనే స్వయంగా పెట్టి, "ఇక నువ్వు పోయేదాకా దీనికి ఢోకా లేదు," అన్నాడు.

నలభై రోజుల తర్వాత రోలర్లకి తడి కాగితం కొస అందిస్తుంటే ఆ గొలుసు చిక్కుకుంది. ఇత్తడిదైతే పుటుక్కున తెగి ఊరుకునేది. ఇది తెగలేదు. మిషను ఆపేసరికి చెయ్యి మణికట్టు పైదాకా లోపలికి పోయింది. రోలర్లు విప్పి గొలుసు బయటికి తీసినవాళ్ళు దాన్ని కడిగి బల్ల మీద పెట్టారు. గీత కూడా పడలేదు. తుప్పయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అరచెయ్యి చెమర్చింది. అందరూ చూస్తుండగానే గొలుసు ఉప్పురాయిలా కరిగి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. మొదలైంది ఆ రోజే.

అప్పటి నుంచి బావమరిది వీళ్ళింట్లోనే ముందుగదిలో ఉంటున్నాడు. ఎడమచేత్తో రాయడం, గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు. బావతో మాట్లాడతాడు, తలుపు వేయమంటాడు, నీళ్ళు వచ్చాయంటాడు. ఆ గొలుసు మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండుననుకునేవాడు తుప్పయ్య. తిట్లకైతే తలవంచుకోవచ్చు. ఏమీ అనని మనిషి ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. పద్నాలుగు నెలలుగా అతని ముఖంలోకి సూటిగా చూడలేదు.

ఆ రోజు గేటు దగ్గర గుమాస్తా అతని ఖాళీ మణికట్టు చూసి నిట్టూర్చాడు. "ఏమయ్యా తుప్పయ్యా, ఈ నెలలో ఇది మూడోది. మేనేజరు నా ప్రాణం తోడేస్తున్నాడు. సోమవారం నంబరు లేకుండా వస్తే పేరు కొట్టేయమన్నారు. పేరు పోతే క్వార్టరు కూడా పోతుంది, తెలుసుగా?"

"తెలుసండీ."

"ఒంటికి కొంచెం పౌడరు రాసుకోరాదా?" అన్నాడు గుమాస్తా, జాలిగానే.

మధ్యాహ్నానికల్లా మొగుడూ పెళ్ళాలిద్దరూ మిల్లు ఎదురుగా ఉన్న గొలుసుల కొట్టులో కూర్చున్నారు. ఆ కొట్టు అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలావిడది. మగవాళ్ళ సరుకు తప్ప ఇంకేమీ అమ్మదు. ఎవరి మణికట్టునైనా వీధి అవతలి నుంచే చూసి కొలత చెప్పేస్తుంది.

"వెండి వద్దమ్మాయ్," అంది భార్యతో. "మామూలు మొగాడి ఒంటి మీదే వారానికి నల్లబడి తోమమంటుంది. మీ ఆయన చేతికి టీ తాగేలోపు అయిపోతుంది. తోలు నిలుస్తుంది గానీ దాని మీద నంబరు నిలవదు. ఇదిగో, ఇది టంగ్‌స్టన్. మేకుతో గీసినా గీత పడదు, కానీ కింద పడితే గాజులా పగులుతుంది. పొగరెక్కువ దీనికి."

"మరేది పెద్దమ్మా?" అంది భార్య. "ఏదో ఒకటి ఉండకపోదుగా. ఇల్లు పోతే నేను వీళ్ళిద్దర్నీ పెట్టుకుని ఎక్కడికి పోను?"

పెద్దమ్మ లోపలి అరలోంచి ఒక చిన్న పెట్టె తెచ్చింది. "టైటానియం. తేలిగ్గా ఉంటుంది, సముద్రపు ఉప్పు కూడా దీన్ని ఏమీ చేయలేదు. దీని తర్వాత నా దగ్గర ఏమీ లేదు, నాయనా. ఎవరి దగ్గరా ఉండదు."

తుప్పయ్య ట్రేల వైపు చూడకుండా చెయ్యి చాపాడు. "ఎంత గట్టిది?" అని భార్య అడగబోతే, "ఆ మాట అడక్కు," అన్నాడు.

శనివారం దాని మీద నంబరు కొట్టించుకున్నాడు. ఆదివారమంతా కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, చెయ్యి బయటికి చాపి గాలికి ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు. భార్య అట్టముక్కతో విసిరి విసిరి అలిసిపోయింది. ముందుగదిలోంచి బావమరిది దగ్గినా, కుర్చీ జరిపినా తుప్పయ్య మణికట్టు తడిసిపోయేది. సాయంత్రానికి గొలుసు కుట్టుదారమంత సన్నమైంది. అట్టముక్క అవతల పారేసి భార్య నేల మీద కూలబడింది.

"మీరు వాడి ఎదుట ఒక్కసారైనా నోరు విప్పారా?" అంది.

"ఏమని విప్పను? నేనే ఏరి ఏరి తెచ్చి నీ చేతికి తగిలించాను రా అని చెప్పనా? వాడికి తెలియదా?"

"తెలిసినా చెప్పాలండీ. నాక్కూడా చెప్పలేదు మీరు. నా తమ్ముడు వాడు. నేనెవరితో ఏడవను? ఇద్దరూ గోడల్లా కూర్చుంటే నేను ఏ గోడకి తల కొట్టుకోను?"

అతను చెయ్యి మళ్ళీ కిటికీ బయటికి చాపాడు. మణికట్టు మీద ఇంకో లంకె సన్నబడింది.

సోమవారం ఆ దారప్పోగునే గుమాస్తాకి చూపించాడు. నంబరున్న బిళ్ళ ఇంకా మిగిలి ఉంది కాబట్టి గేటు తెరిచారు. ఈ పూట గడిస్తే చాలు, రేపటి సంగతి దేవుడెరుగు అనుకుంటూ లోపలికి నడిచాడు. పది గంటలప్పుడు పక్క రోలర్ల దగ్గర కేక వినిపించింది. అక్కడ పనిచేసే పొడుగాయన గొలుసు రోలర్లలో చిక్కుకుపోయింది. అదే రకం లావుపాటి స్టీలు గొలుసు. బావమరిది చెయ్యి పోయాక కూడా జనం ఆ రకమే కొనడం మానలేదు, తోముకోనక్కర్లేదని. ఎవరో స్విచ్చి నొక్కారు. మిషను ఆగడానికి పట్టే సమయం ఎంతో తుప్పయ్యకి తెలుసు. ఉరికి, రెండు చేతులతో పొడుగాయన మణికట్టు పట్టుకున్నాడు. భయంతో అతని అరచేతులు చిత్తడిగా ఉన్నాయి. గొలుసు చేతుల్లో మెత్తబడింది, కరిగింది, చెయ్యి బయటపడి వెనక్కి వచ్చింది. వేళ్ళ మీద తోలు లేచిపోయింది గానీ ఐదు వేళ్ళూ ఉన్నాయి.

పొడుగాయన తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. తుప్పయ్య కూడా ఏడ్చాడు. ఆ చెయ్యి తను కాపాడాల్సిన చెయ్యి కాదు. పద్నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చాననిపించింది అతనికి.

మర్నాడు తుప్పయ్య ఖాళీ చేత్తో గేటు దగ్గరికి వచ్చాడు, పేరు కొట్టించుకోవడానికి. గుమాస్తా పుస్తకం తెరవలేదు. పొడుగాయన కట్టు కట్టిన చెయ్యి ఎత్తి అడ్డం నిలబడ్డాడు. రెండో చేతికి కొత్త గొలుసు ఉంది. "తుప్పయ్యా, దీనికి ఒక్క లంకె పల్చగా చెయ్యి. మిగతాది గట్టిగా ఉండనీ. లాగితే అక్కడ తెగాలి," అన్నాడు.

తుప్పయ్య ఒక లంకెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఇరవై లెక్కపెట్టాడు. వెనకాల ఇంకొకతను చెయ్యి చాపాడు. అతని వెనకాల ఇంకొకడు. వారం తిరక్కుండా గేటు పక్కన స్టూలు వేశారు. నంబరు అక్కర్లేని ఒకే ఒక్క మనిషిగా తుప్పయ్య ఆ స్టూలు మీద కూర్చుని, పొద్దున్నే వరసగా వచ్చే మణికట్లు పట్టుకునేవాడు. మేనేజరు ఒకసారి వచ్చి చూసి, తన గొలుసు కూడా పల్చన చేయించుకుపోయాడు. ఇల్లు నిలిచింది. భార్య మణికట్టు చూడడం మానేసింది. కానీ ముందుగది దాటేటప్పుడు తుప్పయ్య తల ఎత్తేవాడు కాదు. చెమట ఏమాత్రం తగ్గలేదు.

చలి మొదలైన ఒక సోమవారం వరసలో ఒక ఎడమచెయ్యి ముందుకొచ్చింది. తుప్పయ్య అలవాటుగా లంకె పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఆ వేళ్ళు గుర్తుపట్టాడు. తల ఎత్తితే బావమరిది.

"కాగితాలు లెక్కపెట్టే హాల్లో పని ఇచ్చారు బావా. నిన్ననే చెప్దామనుకున్నా. నువ్వు తలొంచుకుని వెళ్ళిపోయావు."

"ఒరేయ్..." అన్నాడు తుప్పయ్య. 

"గొలుసు నేనే కొనుక్కున్నా. మళ్ళీ తెగనిదే." బావమరిది నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "అప్పుడు కూడా తెగనిది కావాలని అడిగింది నేను. నేను అడిగింది నువ్వు తెచ్చావు. నిన్ను తిట్టుకోని రోజు లేదు బావా, అబద్ధమెందుకు. తిట్టుకుని తిట్టుకుని అలిసిపోయాను. ఇక నావల్ల కాదు. దీనికి ఒక లంకె పల్చగా చేసిపెట్టు, పనికి పోతాను."

తుప్పయ్య ఇరవై లెక్కపెట్టాడు. నలభై లెక్కపెట్టాడు. వేళ్ళు విప్పి చూస్తే లంకె తళతళలాడుతోంది. అరచెయ్యి పొడిగా ఉంది. లాలాజలం రాసి రుద్దాడు. మెడ మీద, నుదుటి మీద చేత్తో తడుముకుని చూసుకున్నాడు. ఎక్కడా చుక్క చెమట లేదు. లోపల ఇన్ని నెలల బరువు దిగిపోయిందని తెలుస్తూనే ఉంది, తెలిసిన కొద్దీ అతనికి భయం పెరిగింది. ఊళ్ళో ఇంతమంది చేతులు కాపాడినవాడు ఈ ఒక్క చేతికే పనికిరాకుండా పోయాడు. మిల్లు కూత వేసింది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు.

"ఇవాళ వెళ్ళకు," అన్నాడు ఆ మణికట్టు వదలకుండా. "నా మాట విను, ఇవాళ వెళ్ళకు."

"వెళ్ళాలి బావా. మొదటి రోజు."

తుప్పయ్య రోడ్డు అవతలికి కేకేశాడు. "పెద్దమ్మా! ఆకురాయి ఉందా?"

ఆకురాయి వచ్చింది. ఏడాదికి పైగా ఇనుప పనిముట్టు పట్టని చేత్తో దాన్ని పట్టుకుంటే అలానే ఉంది, కరగలేదు. స్టూలు మీదే కూర్చుని, బావమరిది చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆ లంకెని అరగదీయడం మొదలుపెట్టాడు. మంచి లోహం, ఓ పట్టాన లొంగలేదు. వేళ్ళు బొబ్బలెక్కాయి. గుమాస్తా గేటు వేయకుండా పట్టుకుని నిలబడ్డాడు. వరసలో వాళ్ళు గొణగడం మానేశారు.

"లాగు," అన్నాడు తుప్పయ్య, గొలుసుని తన గుప్పిట్లో బిగించి.

బావమరిది లాగాడు. తెగలేదు. మళ్ళీ అరగదీశాడు. "లాగు." తెగలేదు. మళ్ళీ అరగదీశాడు. మూడోసారి బావమరిది ఒంటి బలమంతా పెట్టి వెనక్కి గుంజాడు. పుటుక్కుమని చప్పుడైంది. తూలి పడబోయి నిలదొక్కుకుని, ఖాళీ అయిన తన చెయ్యి బావ ముఖం ముందు పెట్టాడు.

"తెగింది బావా," అన్నాడు.

తుప్పయ్య ఇన్ని నెలల తర్వాత అతని ముఖంలోకి సూటిగా చూశాడు. గుమాస్తా నంబరు అడగకుండానే గేటు బార్లా తెరిచాడు.