రాసే హక్కు

అరవై ఒకటి తీసి పదహారు చేశాడు, చూసి, పదహారు తీసి మళ్లీ అరవై ఒకటి చేశాడు. అంతే కదా. లేక మొదట ఉన్నదే పదహారా? మొదట పదహారే ఉంటే, తాను ఉత్తపుణ్యానికి దాన్ని అరవై ఒకటి చేసి, పరీక్ష అయిపోయిందనుకుని లేచి ఇంటికి వచ్చేశాడా?

గుమాస్తా యాకయ్య పొద్దున ఆఫీసు తలుపు తీయగానే చేసిన మొదటి పని లారీ చీటీల ఫైలు విప్పడం. నర్సంపేట మిల్లు నుంచి వచ్చిన పత్తి బేళ్లు అరవై ఒకటి. చీటీలో స్పష్టంగా ఉంది. కంప్యూటరు తెర మీదా అదే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. రెండోసారి చూశాడు, మూడోసారి చూశాడు. అప్పటికి అతనికి అర్థమైంది, తనను పట్టుకున్నది ఆ అంకె కాదని. నిన్న సాయంత్రం ఏమవుతుందో చూద్దామని తాను ఒక అంకెను మార్చాడు, తిరిగి మార్చాడు, ఆ రెండు పనుల జాడా ఎక్కడా లేదు. తెర అద్దంలా ఉంది. చెయ్యి పెట్టినవాడి మరక కూడా దాని మీద మిగల్లేదు.

కాగితం పుస్తకమైతే అట్లా ఉండేది కాదు. వరంగల్ స్టేషన్ రోడ్డులోని ఆ పత్తి కంపెనీలో ఒక ఆచారం ఉంది, ఇప్పటి సేటు తండ్రి పెట్టింది. లెక్క తప్పితే చెరపకూడదు, దిద్దకూడదు, కాగితం చింపకూడదు. తప్పు అంకె కనబడేటట్టు దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత గీసి, పైన సరైన అంకె వేసి, పక్కన తప్పు చేసినవాడు తన పేరులో మొదటి అక్షరం పెట్టాలి. ఎర్ర గీత పడిన రోజు ఆ మనిషికి అన్నం సహించేది కాదు. కానీ గీత పడ్డాక ఆ తప్పు పుస్తకానిదయ్యేది, మనిషి నెమ్మదిగా తేలికపడేవాడు.

ఇప్పుడు ఎనభై తొమ్మిదో సంవత్సరం. తండ్రి పోయాక కుర్చీలోకి వచ్చిన వెంకటేశ్వర్లు సేటు హనుమకొండలో బీకాం చదివినవాడు. మూడు కంప్యూటర్లు కొన్నాడు. హైదరాబాదు నుంచి రాంచందర్ అనే ఇంజనీరు వచ్చి, గోడకు బెజ్జాలు పెట్టి, మూడింటినీ ఒక తీగతో కలిపాడు. లెక్కలన్నీ లోపలి గదిలోని యంత్రంలో ఉంటాయి, మిగతా రెండు బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు అక్కడి నుంచే వాటిని తెరుచుకోవచ్చు. యాకయ్యకు అర్థం కావడానికి ఇంజనీరు బీరువా పోలిక చెప్పాడు. బీరువాలో మూడు అరలు: కొనుగోళ్లు, మిల్లు సరుకు, జీతాలు. ఒకే అరను నలుగురూ తెరవచ్చు. కానీ ఎవరి పాస్‌వర్డు వాళ్లకు ఉంటుంది, అది కొడితేనే తెరుచుకుంటుంది. కొందరికి చదివే వీలు మాత్రమే ఉంటుంది. కొందరికి రాసే హక్కు కూడా ఉంటుంది. ఎవరికి ఏది అన్నది నిర్ణయించే పెద్ద పాస్‌వర్డు ఒకటుంది. అది ఒక్క మనిషికే తెలియాలి, ఎక్కడా రాసిపెట్టకూడదు.

ఆ ఒక్క మనిషి యాకయ్య.

పది రోజులుగా అతను ఆ మాటను నోట్లో నిప్పులా మోస్తున్నాడు. పళ్లు తోముకుంటూ అనేస్తాడేమోనని భయం. బస్సులో కునుకు పడితే అనేస్తాడేమోనని భయం. మొన్న భార్య సారలమ్మ అన్నం పెడుతూ, పెదవులు కదులుతున్నయి, ఏం మంత్రం జపిస్తున్నావని అడిగింది. ఏమీ లేదన్నాడు. ఏమీ లేదన్న ఆ మాట కూడా ఒక దొంగమాటలా వినబడింది అతనికే. పదకొండేళ్లు ఇతరుల డబ్బు మధ్య తిరిగాడు, ఒక్క రూపాయి మీద మనసు పోలేదు. ఇప్పుడేమో నిద్ర పట్టక పడుకుని, ఎవరికీ తెలియకుండా తాను ఏమేం మార్చగలడో ఒక్కొక్కటే ఊహిస్తున్నాడు. మార్చాలని కాదు. మార్చగలడని తెలిశాక, ఇన్నాళ్లూ తాను మంచివాడుగా ఉన్నాడా, లేక ఎర్ర సిరాకు భయపడి ఉన్నాడా అని అనుమానం.

బల్ల మీద ఇంజనీరు ఇచ్చిన కాగితం ఉంది. అడ్డంగా మూడు అరల పేర్లు, నిలువునా నలుగురి పేర్లు: సేటు, యాకయ్య, చిట్టా రాసే మొగిలి, టైపిస్టు భారతి. ప్రతి గడిలో చదవడమా, రాయడమా, ఏదీ కాదా అన్నది నింపాలి. పదకొండు గంటలకు సేటు సంతకం చేస్తాడు. మధ్యాహ్నం రైలుకు రాంచందర్ వచ్చి అదంతా యంత్రంలో ఎక్కించి సాయంత్రం రైలుకు వెళ్లిపోతాడు. మూడు పేర్ల ముందు గడులన్నీ నిండాయి. మొగిలి పేరు ముందు మూడు గడులు ఖాళీగా ఉన్నాయి.

అక్కడ ఏం రాయాలో సేటు నిన్ననే చెప్పాడు. ఆడిటరు మనుషులు పన్నెండేళ్ల పుస్తకాలు తిరగేసి ఎర్ర గీతలు లెక్కపెట్టి ఒక పట్టీ ఇచ్చారు. మొత్తం ముప్పై నాలుగు గీతలు. అందులో ఇరవై ఆరింటి పక్కన ‘మొ’ అనే అక్షరమే ఉంది. సేటు ఆ పట్టీని యాకయ్య వైపు తిప్పి, కోపం లేకుండా, లెక్క చెప్పినట్టే చెప్పాడు.

"మొగిలికి చదువుడు ఒక్కటే పెట్టు. రాసుడు వద్దు. ఇన్ని తప్పులు జేసిన చెయ్యి మిషన్ల పడితే ఎర్ర గీత గూడ కనవడది. నీది జూడు, పదకొండేండ్ల సంది ఒక్కటి లేదు. అందుకే పెద్ద తాళం నీకిచ్చిన."

యాకయ్య తల ఊపి వచ్చేశాడు. ఆ తల ఊపడం ఇప్పటికీ మెడలో నొప్పిలా ఉంది.

తొమ్మిదిన్నరకు మొగిలి వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లవాడు, ముప్పై ఏళ్లుగా ఆ ఆఫీసులో చిట్టా రాస్తున్నవాడు. దుమ్ము పడకూడదని కంప్యూటరు గది బయట చెప్పులు విడిచే నియమం ఉంది. అతను చెప్పులు విడవడమే కాదు, నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని తుడుచుకుని మరీ వచ్చాడు. చంకలో ఒక అట్టముక్క ఉంది. విత్తనాల డబ్బా అట్ట. దాని మీద అతను స్కేలు పెట్టి కీబోర్డు గీసుకున్నాడు, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం. మూడు నెలలుగా ఇంట్లో దాని మీద వేళ్లు ఆడిస్తున్నాడు.

"నిన్న రాత్రి చూడకుండ కొట్టిన తమ్మీ," అన్నాడు కూర్చుంటూ. "పేరు, ఊరు, బేళ్లు, అన్నీ. మా ముసల్దానికి భయమైంది, పిచ్చి లేసిందేమోనని."

యాకయ్య కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టడం మొగిలికి కనబడింది. అతను చూపు తిప్పుకుని పాస్‌వర్డు సంగతి ఎత్తాడు.

"నా పాస్‌వర్డు ఏం బెట్టాల్నంటవ్? మనుమరాలి పేరు బెడ్దామంటే ఊరందరికి ఎర్కాయె."

"నాకు చెప్పకే అన్నా. ఎవలకు చెప్పొద్దు."

"నీకు జెప్పకపోతె ఎట్లనే. రేపు మర్శిపోతె యాది జేసేటోడు ఉండాలె గద." మొగిలి నవ్వాడు, తర్వాత నవ్వు ఆపకుండానే అడిగాడు. "గా పిలగాడు ఇంజనీరు చెప్పిండు, కొందరికి చదువుడేనట, రాసుడు ఉండదట. పాపం, ఎవలకో. రాసుడు లేనోనికి చదువుడెందుకు తమ్మీ, గోడమీది క్యాలెండర్ చదువుకుంట కూసోవచ్చు."

అతనికి తెలుసా? తెలిసే అన్నాడా? యాకయ్య ఆ ముఖంలో వెతికాడు. ముప్పై ఏళ్లుగా అంకెల మీద వంగిన ముఖం, అందులో చదవడానికి ఏమీ లేదు. బహుశా తెలియదు. తెలియకపోవడమే ఘోరం. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, భారతి చూస్తుండగా కూర్చుని, మొదటిసారి నిజమైన కీబోర్డు మీద పేరు, ఊరు, బేళ్లు కొడతాడు. రాయడానికి అనుమతి లేదని తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క వస్తుంది. అతను దాన్ని మళ్లీ చదువుతాడు. తర్వాత అట్టముక్క చంకలో పెట్టుకుని లేస్తాడు. మరునాడు రాడు. రమ్మని పిలిస్తే, ఒంట్లో బాగా లేదని కబురు పంపుతాడు. అంతే. గొడవ చేసే మనిషి కాదు.

గొడవ చేసే మనిషి కానందుకే ఇదంతా.

యాకయ్య కుర్చీ వెనక్కి జరిపి, పాత పుస్తకాల గదిలోకి పోయాడు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం పుస్తకం పై వరసలో ఉంది. దాన్ని దించి, కింద కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు. పేజీ వెతకనక్కరలేదు, ఆ పేజీ దగ్గర పుస్తకం దానంతటదే విచ్చుకుంటుంది. తాను ఎన్నిసార్లు దాన్ని తెరిచి చూశాడో అప్పుడు తెలిసింది.

అప్పుడు అతను చేరి మూడు నెలలు. రాయమల్లు అనే పేరుతో ఇద్దరు రైతులు ఉండేవారు, ఒకరిది పరకాల, మరొకరిది నర్సంపేట. ఊరి పేరు చూడకుండా యాకయ్య పరకాల రాయమల్లు తెచ్చిన పత్తిని నర్సంపేట రాయమల్లు ఖాతాలో రాశాడు. పరకాల రాయమల్లు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, ఆఫీసు గడపలో బైఠాయించి, రోజంతా బజారు వినేటట్టు తిట్టాడు. పెద్ద సేటు లోపలి నుంచి వచ్చి, ఈ చెయ్యి ఎవరిదని అడిగాడు. యాకయ్యకు నోరు రాలేదు. పక్క నుంచి మొగిలి తాపీగా ఎర్ర సిరా బుడ్డి మూత తీసి, గీత గీసి, ‘మొ’ అని పెట్టి, నాదే సేటూ అన్నాడు. ఆ ఏడు అతనికి జీతం పెరగలేదు. ఇనుప పెట్టె తాళంచెవి అతని దగ్గర్నుంచి తీసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం యాకయ్య ఏడ్చినంత పని చేస్తే, మొగిలి తన రూలు చెప్పాడు. కొత్తవాడు మొదటి ఏడాది చేసే తప్పులన్నీ నేర్పేవాడి లెక్కలోకే. రెండో ఏడాది నుంచి నీ గీత నువ్వే గీసుకో. యాకయ్యకు రెండో ఏడాది నుంచి గీత పడలేదు. అతని తర్వాత అయిదుగురు కొత్తవాళ్లు వచ్చారు, నేర్చుకున్నారు, వేరే కొలువులకు పోయారు. వాళ్ల మొదటి ఏడాది గీతలన్నీ ‘మొ’ గానే ఉన్నాయి. ఆ రూలు ఈ కప్పు కింద ఇప్పుడు ఇద్దరికే తెలుసు. ఒకడు చెప్పడు. రెండోవాడు నిన్న తల ఊపి వచ్చాడు.

చెబితే ఏమవుతుంది? ముందు ఒక్క గీతా లేదన్న మాట పోతుంది. పదకొండేళ్లుగా యాకయ్య ఆ మాట మీద నిలబడి ఉన్నాడు. బంధువుల్లో, బజార్లో, చివరికి సారలమ్మ దగ్గర కూడా అతను ఎర్ర గీత లేని మనిషి. అది పోతే పెద్ద పాస్‌వర్డు పోతుంది. పోతే పోనీ అనుకోగానే ఒంట్లో ఎంత చల్లగా అనిపించిందో చూసుకుని అతను ఆశ్చర్యపోయాడు. మరుక్షణమే మళ్లీ భయం. పోయేది పాస్‌వర్డు ఒక్కటేనా? ఇన్నాళ్లూ దాచినవాడని కొలువే పోతే? చదువుడు ఒక్కటే అని మూడు గడుల్లో మూడు చిన్న అక్షరాలు రాసేస్తే ఎవరికీ ఏమీ కాదు. మొగిలి ఎట్లాగూ రెండేళ్లలో దిగిపోయేవాడే. ఈ వాదన ఎంత నున్నగా వచ్చిందంటే, దాన్ని తనలో ఎవరో ముందే రాసి పెట్టినట్టుంది.

అట్లా పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు ఉన్నాడో, గోడ గడియారం పదకొండు కొట్టింది. సేటు గది తలుపు చప్పుడైంది.

యాకయ్య పుస్తకంతో సహా ఇవతలికి వచ్చాడు. సేటు అతని బల్ల దగ్గరే నిలబడి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మొగిలి పక్క బల్ల మీద అట్టముక్క పరిచి, తల వంచుకుని, టపటపమని వేళ్లు ఆడిస్తున్నాడు.

"మూడు గడులు ఖాళీ ఇడిసిపెట్టినవేంది యాకయ్యా," అన్నాడు సేటు, గొంతు తగ్గించి. "నిన్న చెప్పిన గద."

యాకయ్య పుస్తకంలో ఆ పేజీ విప్పాడు. దాన్ని కాగితం పక్కన పెట్టాడు. సేటు వంగి, పరకాల రాయమల్లు, నర్సంపేట రాయమల్లు, మధ్యలో గీత, ‘మొ’, అన్నీ చూసి, ఇదేందన్నట్టు తలెత్తాడు.

"ఇది మొగిలన్న తప్పు కాదు సేటూ. గండ్ల చానా గీతలు ఆయనయి కావు," అన్నాడు యాకయ్య. అంత మెల్లగా అన్నాడు కాబట్టి పక్క బల్ల మీద వేళ్లు ఆగిపోవడం అతనికి వినబడింది.

సొరుగు తీశాడు. ఎర్ర సిరా బుడ్డి మూత ఎండిపోయి బిగుసుకుంది. అంగీ కొసతో పట్టుకుని తిప్పాడు. కలం ముంచి, పాలిపోయిన ఆ ‘మొ’ పక్కన, ‘యా’ అని పెట్టాడు. కింద ఇవాళ్టి తేదీ వేశాడు.