మరవ మీద చప్పుడు

టక్. టక్. టక్.

ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు. గండికి అవతలి వైపు నుంచి వస్తోంది.

"విన్యావా?" ఓబులమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ నాయనే. బతికే ఉండాడు."

చెరువుకట్ట తెగిన అంచున స్తుతి నిలబడి ఉంది. కాళ్ల కింద మట్టి ఇంకా పెళ్లలుగా విరిగి పడుతోంది. రాత్రి పడిన గండిలోంచి పెద్దచెరువు ఇంకా దూకుతూనే ఉంది. ఆ నీటికి అవతల, కట్ట చివర, మరవ ఉంది. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి పూర్వం కట్టిన రాతిగోడ అది. ఇప్పుడు ఆ గోడ కనబడటం లేదు. కొట్టుకొచ్చిన తుమ్మచెట్లు, మామిడి కొమ్మలు ఇంటెత్తున దాని మీద పేరుకుపోయాయి. ఆ కంప కింద ఎక్కడో ఆమె తండ్రి గాబ్రియేలు ఉన్నాడు.

స్తుతి కర్నూలులో బట్టల షాపులో పనిచేస్తుంది. తుఫాను నెల్లూరు దగ్గర తీరం దాటిందని షాపు టీవీలోనే చూసింది. సముద్రం గొడవ మనకెందుకులే అనుకుంది. ఆ తుఫాను కడప మీదుగా వచ్చి బనగానపల్లె వైపు ఉన్నదంతా కుమ్మరించింది. ఊరికి ఫోన్లు కలవలేదు. తెల్లవారగానే బయలుదేరి, బస్సు ఆగిన చోట లారీ ఎక్కి, లారీ ఆగిన చోట దిగి, పడిపోయిన చెట్ల మీదుగా నడిచి రాళ్లకొత్తూరు చేరింది.

కింది కాలనీలో ఇళ్లు లేవు. పరిచిన నాపరాళ్లు మాత్రం మిగిలాయి. మనుషులంతా చర్చి స్లాబు మీద ఉన్నారు. స్తుతి కింద నిలబడి ఇంటింటి పేరూ పెట్టి అరిచింది. ఒక్కొక్కరే పలికారు.

"అందరం ఉండామే," అంది గిడ్డమ్మవ్వ, ఒడిలో కోడిని అదిమిపట్టుకుని. "ఏటేటా వానకోసం ప్రార్థన చేస్తిమి గదా, దేవుడు అన్నీ కలిపి ఒకే రాత్రి ఇచ్చినాడు. మీ నాయనే ఇల్లిల్లూ తట్టి మమ్మల్ని పైకి ఎక్కిచ్చినాడు. ఎక్కిచ్చి మరవ కాడికి పాయ."

గాబ్రియేలు ఆ చెరువుకు నీరుగంటి. తూము తెరవడం, మూయడం, మరవకు అడ్డం పడిన కంప తీయడం అతని పని. రాత్రి కటింగ్ ప్లేయరు తీసుకుని కట్ట మీద పరుగెత్తాడు. అతను దాటాక అతని వెనకే కట్ట తెగింది.

"ప్లేయరు ఎందుకుమా?" అంది స్తుతి.

ఓబులమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మరవకు ఇనుప జాలీ బిగిచ్చినారు. చేపలు కిందికి పోకుండా. కంపంతా దాంట్లో చిక్కుకునె. నీళ్లు పోయే దావ లేక కట్ట మీదికి ఎక్కె."

"జాలీనా? ఎవురు బిగిచ్చింది?"

 ఓబులమ్మ చూపు చర్చి ముందుకు పోయింది. అక్కడ జేసీబీ పక్కన నిలబడి భూపేష్ పులిహోర పొట్లాలు పంచుతున్నాడు. పెద్దరైతు వెంకటేశ్వర్లు కొడుకు. చెరువులో చేపలు పెంచేది అతనే. ఊరికి ఆ పొద్దు అన్నం తెచ్చిందీ అతనే. ఉన్న ఒక్క జేసీబీ కూడా అతనిదే.

"పేరెత్తాకు," అంది ఓబులమ్మ. "కింద నీళ్లు పారే వంకలో బండల మీద మరవ కాడికి దాటేది ఆ మిషను ఒక్కటే. ఆయప్పకు కోపమొస్తే ఆపేస్తాడు. నాయన బయటికి రానీ. అంతదాంక గమ్మునుండు."

టక్. టక్.

స్తుతి పరుగెత్తింది.

"భూపేషన్నా! నాయన మరవ కాడ ఉండాడు. చప్పుడు వినబడతాంది. మిషను పంపన్నా."

భూపేష్ చెవి ఒగ్గి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "కొమ్మలు రాసుకునే చప్పుడు పాపా అది."

"కొమ్మలు కాదన్నా. ఇనుము."

"పంపనంటినా? ముందు రోడ్డు మీద చెట్లు తీయల్ల. ఆఫీసర్లు రావల్ల, బస్సు రావల్ల. మీరంతా బస్సెక్కి టౌన్లో స్కూలుకు పోండి. గాబ్రియేలును నేను చూసుకుంటా గదా."

"ముందు ఒక్కసారి..."

"వంకలో మిషను బోల్తా పడితే లేవిగాడు చచ్చిపోతాడు. వాడు మీవోడే గదా?"

జేసీబీ నడిపే సీట్లో కూర్చున్న లేవి తల దించుకున్నాడు. అతనిది ఆ కాలనీయే. నిన్నటిదాకా ఇల్లుండేది. జేసీబీ మరవకు వీపు తిప్పి రోడ్డు వైపు కదిలింది.

స్లాబు మీద ఎవరో అన్నారు. "భూపేషు లేకుంటే ఈ పొద్దు మన గతి ఏంది?"

ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తాడు కట్టుకుని ఈదుతానని స్తుతి గండిలో దిగబోయింది. నడుము లోతు రాకముందే ప్రవాహం కాళ్లు లాగేసింది. నలుగురు జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చారు. దగ్గుతూ కూర్చుంది. ఇంకేం చేయాలో తెలియలేదు. చప్పుడు వచ్చినప్పుడల్లా గట్టు మీద రాయితో రాయి కొట్టింది. అవతల తండ్రికి వినబడుతుందో లేదో తెలియదు. కానీ ఒకసారి ఆమె కొట్టిన వెంటనే అతనూ కొట్టాడు.

"మొన్న ఊరంతా పోయి చూసొచ్చినాం," అంది పక్కన కూలబడిన గిడ్డమ్మ. "చెరువు అంచుదాంక నిండె. జాలీకి ఆకూ కంపా అడ్డం పడి మరవలో ఒక్క చుక్క పోల్యా. ఎంత సంతోషమో! ఈసారి నీళ్లు నిలబడె, రెండు పంటలు ఖాయమనుకుంటిమి. మీ నాయన ఒక్కడే మొత్తుకున్యాడు, జాలీ తీయల్ల, తీయల్ల అని. వచ్చిన నీళ్లను పోగొట్టమంటాడు, వీనికి పిచ్చి అని మేమే నవ్వితిమి."

ఎన్నో ఏళ్లకు నిండిన చెరువు. ఆ సీమలో నీళ్లు పోనివ్వమని ఎవరంటారు?

రోడ్డు మీద చెట్లు తరుగుతున్నాయి. అవతలి చప్పుళ్ల మధ్య ఎడం పెరుగుతోంది.

టక్.

చాలాసేపటికి ఇంకొకటి.

రోడ్డు తెరుచుకోగానే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ జీపు వచ్చింది. వెనకే బస్సు. భూపేష్ ఆయనకు గొడుగు పట్టాడు. "ఎక్కండి, ఎక్కండి" అని జనాన్ని బస్సు వైపు తోలాడు.

అప్పుడు అర్థమైంది స్తుతికి. జనం వెళ్లిపోతారు. మరవ దగ్గర భూపేష్, అతని మిషను మిగులుతాయి. కంపతో పాటు జాలీ ఏ గుంటలోకి పోతుందో ఎవరూ చూడరు. అప్పటికి చప్పుడు కూడా ఉండదు.

ఆమె బస్సు ఎక్కలేదు. జేసీబీ ముందుకు పోయి నేల మీద ఆనించిన బకెట్లోకి ఎక్కి కూర్చుంది. తల్లిని కూడా చెయ్యిచ్చి లాక్కుంది.

"ఏయ్, దిగండి!" అరిచాడు భూపేష్.

"సార్!" అని ఇన్‌స్పెక్టరును చూసి కేక పెట్టింది స్తుతి. "మా నాయన అవతల కంప కింద ఉండాడు. పొద్దున్నుంచి పిలుస్తాండాడు. రోడ్డు అయిపోయ గదా, మిషను పంపమని చెప్పు సార్!"

బస్సు మెట్ల మీద జనం ఆగిపోయారు. ఫోన్లు పైకి లేచాయి. ఇన్‌స్పెక్టర్ భూపేష్ వైపు చూశాడు.

"పోకుండా ఏమి సార్," అన్నాడు భూపేష్ తడబడి. "నేనే పోదామనుకుంటాండా. పదరా లేవీ."

మాట పూర్తికాకముందే లేవి బకెట్ పైకి లేపాడు. ఇన్‌స్పెక్టర్, భూపేష్ క్యాబిన్ పక్కన మెట్టు మీద వేలాడారు. వంకలో నీళ్లు టైర్లను ముంచాయి. మిషను ఒకసారి పక్కకు ఒరిగింది. ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకునే, కళ్లు మూసుకుని లోలోపల యేసు నామం తలుచుకుంటోంది. స్తుతి గుప్పిట్లో రాయి ఉంది. దాంతో బకెట్ అంచు మీద కొట్టింది.

టక్. టక్. టక్.

జవాబు రాలేదు.

మరవ చేరగానే లేవి వాళ్లను దించాడు. పైనుంచి మెల్లగా, పేను తీసినట్టు, ఒక్కొక్క కొమ్మనూ ఎత్తాడు. బేనిషా మామిడి చెట్టు ఒకటి వేళ్లతో సహా వచ్చింది. దాని కింద ఇనుప జాలీ బయటపడింది. రాతిగోడకు బోల్టులు వేసి బిగించిన జాలీ. దాని కన్నాల్లో చేపలు తలలు ఇరుక్కుని చచ్చి ఉన్నాయి. ఒక మూల నుంచి మధ్య దాకా తీగలు తెగి ఉన్నాయి.

తెగినచోట గాబ్రియేలు ఉన్నాడు. మొద్దు కింద నడుము. ప్లేయరు చేతిలోనే ఉంది.

స్తుతి అతని మెడ కింద చెయ్యి పెట్టింది. చెంప తాకింది. ఊపిరి లేదు. ఒళ్లు ఇంకా చల్లబడలేదు.

"నాయనా," అంది. "నేను కొడితి గదా. విన్యావు గదా."

లేవి ఇంజను ఆపేశాడు. గండిలో నీళ్ల హోరు అప్పటికే తగ్గింది. అవతలి గట్టు మీద ఊరు ఊరంతా నిలబడి ఇటే చూస్తోంది.

ఇన్‌స్పెక్టర్ జాలీని చేత్తో ఊపి చూశాడు. అది కదల్లేదు. "మరవకు దీన్ని ఎవరు బిగించారు?"

 లేవి సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు.

"ఎవురేముంది సార్," అన్నాడు భూపేష్ నిట్టూర్చి. "మరవ పని నీరుగంటిది. ఈయనే నాలుగు చేపలకు ఆశపడినట్టుండాడు. పోయినోన్ని ఏమంటాం, పాపం."

స్తుతి చివాలున లేచింది. నోరు తెరవబోయి తల్లి వైపు చూసింది. పొద్దున్నుంచి ఆ నోటికి తాళం వేసింది తల్లే.

ఓబులమ్మ భర్త వేళ్లు ఒక్కొక్కటే విప్పి ప్లేయరు తీసుకుంది. నోట్లో కుక్కుకున్న కొంగు బయటికి లాగేసింది.

"మిషను ఆపుతాడని నోరు మూసుకుంటి సార్. నా బిడ్డ నోరూ మూస్తి. నా మొగుడు చప్పుడు చేస్తాంటే వింటా కూచుంటి." ఆమె ప్లేయరును జేసీబీ వైపు చూపింది. "ఇంక నాకు ఆ మిషనుతో పనిల్యా."

"ఎవరమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె అతనికి చెప్పలేదు. గండి వైపు తిరిగింది. అవతల నిలబడిన ఊరికి, చర్చి స్లాబుకు, బస్సు మెట్లకు వినబడేలా అరిచింది.

"జాలీ బిగిచ్చింది భూపేషు! వెంకటేశ్వర్లు కొడుకు భూపేషు!"