మూడు రోజుల బంద్

బాబూరావు షట్టర్‌ను సగం దాకా ఎత్తి ఆగాడు. మిగతా సగానికి రెండు చేతులూ కావాలి. చంక కర్రను గోడకు ఆనించి, మంచి కాలి మీద బరువు మోపి, భుజంతో పైకి తోశాడు. తుప్పు రజను మెడ మీద రాలింది. దులుపుకోలేదు. రోజూ రాలే రజనే.

నిన్నంతా వాన. కేబుల్ ఎక్కడో తెగి నెట్ రాలేదు, సెంటర్ తెరవలేదు. గడప దాటి వచ్చిన నీళ్లు ఎండి గచ్చు మీద ఎర్రమట్టి గీత మిగిలింది. చీపురుతో దాన్ని గీకి, తడి బట్టతో ఒక్కో కీబోర్డూ తుడిచాడు. అతని ఎడమ కాలు మోకాలి కింద వంకర తిరిగి, ఎండిన తుమ్మ కొమ్మలా ఉంటుంది. నుదుటి మీద నీలం మచ్చ. బొగ్గుపెళ్ల గీరినప్పుడు నలుసులు లోపలే ఉండిపోయి పైన తోలు మూసుకుంది. నలభై దాటాయి. టేకులపల్లిలో ఎవరినైనా అడగండి, ‘నెట్ సెంటర్ కుంటోడు’ అంటారు. అంతకు మించి తెలుసుకోవాల్సిన అవసరం ఎవడికీ రాలేదు.

మూల సిస్టం మీద అతని ఎర్ర తువ్వాల కప్పి ఉంది. సోమవారం పొద్దున అతనే కప్పాడు. బంద్ అంటే బంద్. ఇప్పుడు దాన్ని తీసి భుజాన వేసుకుని మీట నొక్కాడు.

ఆట పేరు ‘వాగు’. హైదరాబాదులో జగదీష్ అనే కుర్రాడు ఒక్కడే కూర్చుని తయారు చేసి నెట్‌లో పెట్టాడు. తెర మీద ఒక వాగు, రెండు ఒడ్లా మడులు, ఒక రేవు, ఒక పడవ. ఒక్కో మడి ఒక్కో మనిషిది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఆడతారు. నియమం ఒకటే: నీ తూము నువ్వు తీసుకోలేవు. పక్క మడివాడు వచ్చి తీయాలి, వాడిది నువ్వు తీయాలి. మన ఊళ్లల్లో నాట్లప్పుడు బదులు పోవడం లేదూ, అదే. ఇంత పెద్ద లోకంలో ఆ కుర్రాడికి ఆ ఒక్క మంచి ఆలోచన వచ్చింది. తర్వాత ఇంకొకటి వచ్చింది.

వాగు దాటడానికి అక్కడ కర్ర అక్కర లేదు. బాబూరావు అక్కడ పరిగెత్తేవాడు. అతని భార్య ద్వాలి నవ్వేది. “నిజం చేన్ల నేను నడుములు ఇరగ్గొట్టుకుంటాంటే నువ్వు పెట్టెల పొలం దున్నుతున్నవా? గిన్ని వడ్లన్న తేరాదు ఇంటికి!” అనేది. అతనూ నవ్వేవాడు.

ఉగాదికి జగదీష్ రేవు దగ్గర బోర్డు పెట్టాడు. ‘సెల్‌ఫోన్ల కోసం కొత్త ఆట మొదలుపెట్టాను. వాగుకు ఏం కాదు. భయపడకండి.’

ఏం కాదు. బాబూరావుకు ఈ మాట తెలుసు. బొగ్గు లారీల లోడింగులో పనిచేసే రోజుల్లో కాంట్రాక్టరు కొత్త చోట పని దక్కించుకుని పాత చోటికి రావడం మానేశాడు. తొట్టి గొలుసు అరిగిందని చెబితే, ‘ఏం గాదు తీయ్’ అన్నాడు. ఆ గొలుసే తెగి కాలి మీద పడింది. కొత్త పని ఎత్తుకున్నవాడి కన్ను పాత పని మీద ఆనదు. చదువుకోనక్కర్లేదు, కాలు పోగొట్టుకుంటే చాలు ఈ సంగతి అర్థమవడానికి.

వాగులోనూ అంతే అయింది. పడవకు చిల్లి పడితే పూడ్చే దిక్కు లేదు. వానాకాలం వచ్చింది, కొత్త విత్తనం రాలేదు. అడిగితే జవాబు లేదు. సాయంత్రాలు అందరూ రేవులో గుమిగూడి ఒకటే దిగులు. మూసేస్తాడా? మన మడులు ఏమవుతాయి? ఇన్నాళ్లు చేసిందంతా ఎటు పోతుంది? ఇల్లందులో ఆటో నడిపే బిచ్యా మాత్రం జోకు రాశాడు: ‘కొత్త పెండ్లాం వచ్చినంక పాత పెండ్లాం కూర ఉప్పగనే ఉంటది.’

బాబూరావు ఒకప్పుడు మూడు రోజుల బంద్‌తో అదే కాంట్రాక్టరు చేత కూలి పెంచించాడు. బతుకులో గెలిచింది అదొక్కటే. అందుకే రేవులో పిలుపిచ్చాడు: ‘సోమవారం నుంచి మూడు రోజులు ఎవ్వరూ ఆటలోకి రావద్దు. దిగొస్తడు.’ అందరూ జై కొట్టారు. లీడర్ అన్నారు. కుంటోడని పిలిచే ఊళ్లో కూర్చుని ఆ మాట చదువుకున్నాడు. ఛాతీ నిండింది.

ఒక్క సంపూర్ణే జై కొట్టలేదు. అతని కింది మడి ఆమెది. వేంసూరు వైపు అమ్మాయి, చర్చికి పోయే కుటుంబం. పుట్టుకతోనే గుండెకు ఏదో లోపం. ‘నాలుగడుగులు వేస్తే ఆయాసం అన్నయ్యా. ఇక్కడైతే రాదు’ అని రాసింది ఒకసారి. రోజూ పొద్దున ఆమె తూము అతను, అతని తూము ఆమె. రెండేళ్లుగా ఒకరి గొంతు ఒకరు వినలేదు, మొహం చూడలేదు. ఫోను నంబరు అడగాలని కూడా తోచలేదు. రోజూ కనబడేవాళ్లను నంబరు ఎందుకు అడుగుతాం?

ఆదివారం ఆమె రాసింది: ‘నన్ను వదిలెయ్యి అన్నయ్యా. నేను రాకుండా ఉండలేను.’

అతను లీడర్ కదా. ‘ఒక్కరు తప్పినా బంద్ బంద్ కాదు. ద్రోహి అంటరు నిన్ను’ అని కొట్టాడు.

‘సరే’ అంది.

ఈ శుక్రవారం పొద్దున తెర వెలిగింది. రేవులో కొత్త బోర్డు ఉంది. నిన్న పెట్టినట్టుంది.

‘మూడు రోజుల్లో ఒక్కరే ఆటలోకి వచ్చారు. ఎవరికీ అక్కర లేని ఆటకు నేను సర్వరు కిరాయి కట్టలేను. ఈ శుక్రవారం సాయంత్రం ఆరింటికి వాగును మూసేస్తున్నాను. ఇన్నాళ్లు ఆడినందుకు థాంక్స్. జగదీష్.’

బాబూరావు రెండుసార్లు చదివాడు. చేతిలో తడి బట్ట నుంచి నీళ్లు కారి ప్యాంటు మీద పడుతున్నాయి.

బంద్ ఎవడి మీద పనిచేస్తుంది? మన చెయ్యి పడకపోతే పూట గడవనివాడి మీద. వదిలించుకుపోదామని చూసేవాడి ముందు బంద్ చేస్తే, వాడి పని మనమే చేసిపెట్టినట్టు. తలుపు వాడు మూయలేదు. మనమే మూసి తాళంచెవి వాడి చేతిలో పెట్టాం. లోడింగు బాబూరావుకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు.

బోర్డు కింద బిచ్యా అప్పటికే రాసి ఉన్నాడు: ‘మంచిగ గెలిపించినవ్ లీడరూ.’

అతను ఒంటి వేలితో ఒక్కో అక్షరం కొట్టాడు: ‘జగదీష్ సారూ, బంద్ పిలిచింది నేను. నా మడి గుంజుకో. ఆట ఉంచు.’ జవాబు కోసం చూశాడు. రాలేదు.

ఒడ్డు వెంట మడులన్నీ పండుబారి ఉన్నాయి. మూడు రోజులు ఏ తూమూ ఎవరూ తీయలేదు మరి. నడుస్తూ తన మడి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. పచ్చగా ఉంది. అంత ఒడ్డులో అదొక్కటే పచ్చగా ఉంది. గట్టు మీద ఒక పలక పాతి ఉంది.

‘అన్నయ్యా, బంద్ తప్పాను. తిట్టుకో. నీ వరి ఎండుతుంటే చూడలేను. నా తూము మాత్రం నువ్వొచ్చి తియ్యాలి. సంపూర్ణ.’

ఆమె మడి గడ్డిలా ఎండిపోయి ఉంది. మూడు రోజులు వచ్చింది, అతని మడి తడిపింది, తన మడి ఎండుతుంటే చూస్తూ కూర్చుంది. తీసే మనిషి లేడు. రావద్దని చెప్పినవాడు అతనే.

తూము తీశాడు. ఎండిన మడి ఒక్క తడికి పచ్చబడదు, ఆగి ఆగి తీస్తూనే ఉండాలి. సాయంత్రంలోగా పచ్చబడుతుంది. ఆమె వస్తుంది. రాకుండా ఉండలేనన్న మనిషి, రాదా? ఆమె గట్టు మీద తనూ ఒక పలక పాతాడు. ‘చెల్లె, తప్పయింది. మూసేలోపు వస్తే ఈ నంబరుకు ఫోను చెయ్యి.’ కౌంటర్ మీది ఎర్ర కాయిన్‌బాక్సు ఫోను నంబరు రాశాడు.

ఎంసెట్ కౌన్సెలింగు రోజులు. పది దాటేసరికి సెంటర్ నిండిపోయింది. తడిసిన గొడుగులు, ప్లాస్టిక్ కవర్లలో సర్టిఫికెట్లు. ఓనరు రామ్‌చందర్ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“బాబూరావ్, మూల సిస్టం ఇడువు. జనం లైన్ల ఉన్నరు.”

“ఒక్క నిమిషం సేటు.”

“పొద్దటి సంది గదే నిమిషమా? ఏందయ్యా, ఆడ ఎవలన్న పురుడు పోసుకుంటున్నరా?”

లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. లేచి సిస్టం ఇచ్చాడు. ప్రింట్లు తీశాడు, పేపరు ఇరుక్కుంటే లాగాడు, టీలు చెప్పాడు. ఏ కుర్చీ ఖాళీ అయినా కర్ర టకటకలాడించుకుంటూ పోయి, ఆటలోకి దిగి, తూము తీసి లేచేవాడు. ద్వాలి కట్టిచ్చిన జొన్నరొట్టె డబ్బాలోనే ఉంది. మధ్యాహ్నానికి మడిలో పసుపు కొద్దిగా విరిగింది. రేవులో అందరూ వీడ్కోలు చెప్పుకుంటున్నారు. కొందరు అతన్ని తిట్టారు. ‘తప్పు నాదే’ అని ఒక్కసారే రాసి, మళ్లీ ఆమె గట్టుకే వచ్చాడు.

నాలుగింటికి కరెంటు పోయింది. అతను చీకట్లో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి.

“ఏమైందే నీకియ్యాల?” అన్నాడు రామ్‌చందర్, ఈసారి నవ్వకుండా.

“కరెంటు రావాలె సేటు. జల్దీ రావాలె.”

వచ్చింది. తీసిన తూము తీస్తూనే ఉన్నాడు. ఐదున్నరకు ఆమె మడి నిండా పచ్చదనం పరుచుకుంది. ఏ మూలా పసుపు లేదు. సరిగ్గా అప్పుడే గట్టు మీద సంపూర్ణ బొమ్మ కనబడింది. నీలం చీర, తలపాగాలా చుట్టిన కొంగు. మడి వైపు తిరిగి నిలబడింది.

‘చెల్లె’ అని కొట్టాడు. ‘చెల్లె, వచ్చినవా?’

బొమ్మ కదలలేదు. కౌంటర్ మీద ఫోను మోగింది. కర్ర వదిలేసి, బల్లలు పట్టుకుంటూ కుంటికాలి మీదే పోయి రిసీవర్ ఎత్తాడు.

“సంపూర్ణా?”

అవతల మగ గొంతు. “అన్నయ్యా, నేను శాంతికుమార్‌ని. సంపూర్ణ తమ్ముణ్ణి. అక్క పేరుతో ఆటలోకి నేనే వచ్చాను. పలక మీద మీ నంబరు చూశాను.”

“చెల్లె ఏది?”



“అక్క పోయిందన్నయ్యా. బుధవారం సాయంత్రం. నిన్న సమాధి చేశాం.”

బాబూరావు బల్ల అంచు పట్టుకున్నాడు.

“ఆ పొద్దున కూడా కంప్యూటర్ ముందు కూర్చుంది. వద్దంటే వినలేదు. ‘రేపటికి బంద్ అయిపోతుంది, అన్నయ్య వస్తాడు. నా మడికి నీళ్లు వచ్చాయేమో చూసి చెప్పరా’ అంది. నిన్న చూడ్డం కుదరలేదు. ఇప్పుడు చూశాను.” అతను ముక్కు చీదుకున్నాడు. “వచ్చాయన్నయ్యా. పచ్చగా ఉంది.”

“అవ్” అన్నాడు బాబూరావు. రిసీవర్ పెట్టేశాడు.

తిరిగి మూలకు వచ్చేసరికి బొమ్మ ఇంకా గట్టు మీదే ఉంది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని కదపలేదు. అతను తన బొమ్మను తీసుకుపోయి పక్కన నిలబెట్టాడు. ఆరింటికి వాగు, రేవు, చిల్లి పడవ, రెండు మడులు, అన్నీ ఒక్కసారే పోయి తెర తెల్లబడింది.

మీట కట్టేశాడు. భుజం మీది తువ్వాల తీసి, దులిపి, రెండు చేతులతో నాలుగు మూలలూ సర్దుతూ మెల్లగా కప్పాడు. కర్ర వెతుక్కుని, తినని డబ్బా చంకన పెట్టుకుని వానలోకి దిగాడు.

“తువ్వాల మర్చిపోయినవ్, బాబూరావ్!” రామ్‌చందర్ వెనక నుంచి కేకేశాడు. అతను తిరిగి చూడలేదు.

మూలన పెట్టె మీద ఎర్ర తువ్వాల, చెమటకు తడిసిన అంచులు ఆరుతూ, కింది వేడి చల్లారేదాకా అలాగే ఉంది.