కాటా మీద బడి

లారీ బడి మెట్ల దాకా వచ్చి ఆగింది. లోపల మిస్ టెంపీ గ్రేవ్స్ పదకొండో తరగతికి లెక్కలు చెబుతోంది. డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

లారీ వెనక తొట్టిలో, పత్తి కూలీల మధ్య అర్జీలియా ప్రూయిట్ నిలబడి ఉంది. నలభై దాటలేదు గానీ వేళ్ళు మాత్రం ముసలివాళ్ళవి. చేనుకని ఎక్కించుకుని దారిలో బడి దగ్గర ఎందుకు ఆపారో ఆమెకి అర్థమయ్యేలోపే హాస్కెల్ డనవే దొర కారు దిగాడు. సేబుల్ బెండ్‌లో సగం పత్తి భూమి ఆయనది. స్కూలు బోర్డు అధ్యక్షుడూ ఆయనే.

"పత్తి పగిలింది. ఇవాళ్టి నుంచి బడి మూత. మళ్ళీ ఎప్పుడు తెరవాలో బోర్డు చెబుతుంది" అన్నాడు.

అంతే. ఆయన పొలం ఫోర్‌మన్ పిల్లల్ని జబ్బలు పట్టి లారీలోకి తోశాడు. అర్జీలియా కూతురు ఒడెస్సా పుస్తకం వదల్లేదు. వాడు గుంజుకుని మెట్ల మీదకి విసిరేశాడు. ఒడెస్సా ఏడవలేదు. లారీ ఎక్కి తల్లి పక్కన నిలబడింది.

"పోయినేడు కూడా ఈ పాఠం దగ్గరే ఆగిపోయాం అమ్మా" అంది.

తలుపుకి తాళం పడింది. అప్పుడే రైలు పట్టాల అవతల తెల్లపిల్లల బడిలో గంట మోగింది. ఆ బడి మూయలేదు. ఎప్పుడూ మూయరు.

మిసిసిపీ పత్తి నేలలో అది పందొమ్మిది వందల అరవై రెండు. ఊళ్ళో రెండు బళ్ళూ ఒకే స్కూలు డిస్ట్రిక్టువి, ఒకే బోర్డు కింద నడుస్తాయి, అందరూ కట్టే పన్నుతోనే. కానీ నల్లవాళ్ళ బడికి సెలవులిచ్చేది పత్తి చేను. జూలై ఎండల్లో బడి పెట్టి రేకుల కింద పిల్లల్ని ఉడకబెడతారు, పత్తి పగలగానే చేలోకి తోలతారు. బోర్డులో ఉన్నవాళ్ళందరూ భూస్వాములే. వాళ్ళని దించే ఓటు అర్జీలియాకి చట్టంలో ఉంది. ఓటరుగా పేరు రాయించుకోడానికి కోర్టు మెట్లెక్కితే సాయంత్రానికి పనుండదు, దొర నేల మీది ఇల్లుండదు.

ఒడెస్సాని టీచరు చెయ్యాలన్నది అర్జీలియా కోరిక. మొగుడు పోయాక ఆమెకి మిగిలిన కోరిక అదొక్కటే. పత్తి ఏరినన్నాళ్ళు బడి మూస్తే ఈ తరగతి పూర్తి కాదు. పూర్తి కాని తరగతిలో రెండోసారి కూర్చోబెట్టింది. మూడోసారి కూర్చోనివ్వనని ఫోర్‌మన్ ముందే చెప్పాడు. పెద్దదైంది, ఇక సంచి భుజాన వేసుకోవాల్సిందేనన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో ఎవరూ లేవలేదు. మిస్ టెంపీ జరిగింది చెప్పింది. పోయిన నెల తను బోర్డుని కలవడానికి వెళ్ళింది. బోర్డు మీటింగు డనవే పత్తి మిల్లు ఆఫీసులో జరుగుతుంది. ఊళ్ళో ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చని రాష్ట్ర చట్టం. మిల్లు గేటు దగ్గరే ఆపేశారు, పనిలేనివాళ్ళు లోపలికి రాకూడదన్నారు. మర్నాడు ఆమె ఉద్యోగం తీసేస్తున్నట్టు కబురొచ్చింది. ఈ పంట దాకే ఉంటుందట.

చర్చి పెద్ద హోసేయా బ్యాంక్స్ కర్ర ఆనించుకుని లేచాడు. ఆ బడి ఎవరు కట్టారో పిల్లలకి తెలీదు, చెబుతానన్నాడు. తన తండ్రి, ఇంకా ఇక్కడున్న సగం మంది తాతలు చిత్తడిలో దిగి చెట్లు నరికి పలకలు కోశారు. ఆడవాళ్ళు చేపల వేపుడు అమ్మి మేకులు కొన్నారు. కట్టడం అయ్యాక బోర్డు వాళ్ళొచ్చి, బడి మా పేర రాసిస్తే టీచరుకి జీతం మేమిస్తామన్నారు.

"రాసిచ్చాం" అన్నాడు ముసలాయన. "ఇచ్చి, ఆ రోజు పంది కోసుకుని పండగ చేసుకున్నాం. మేం చెక్కిన తలుపుకి వాళ్ళు తాళం వేస్తారని ఆ పూట ఒక్కడికి తట్టలేదు."

వెల్మా టేట్ లేచింది. చంటిపిల్ల చంకలో ఉంది. ఆమెకి కోపమొస్తే గొంతు తగ్గుతుంది.

"కథలు బావున్నాయి తాతా. రేపు నా పిల్ల చేలోకి రాకపోతే ఎల్లుండి నా మంచం రోడ్డు మీద ఉంటుంది. అప్పుడు ఈ చర్చి నా ఆరుగురికీ తిండి పెడుతుందా?"

"పెట్టదులే అక్కా" అన్నాడు ఆమె తమ్ముడు లూషస్, డనవే దగ్గర ట్రాక్టరు డ్రైవరు. "నువ్వు మాత్రం దొరగారి మంచం కిందే పడుకుని ఉండు, అక్కడ వాన పడదు."

నవ్వులు లేచాయి. వెల్మా నవ్వలేదు. తమ్ముణ్ణి చూసి, పెళ్ళాం పిల్లలు లేనివాడికి ధైర్యం చవగ్గా దొరుకుతుందంది. వాదన పెరిగింది. అర్జీ పెడదామని కొందరు, పత్తి ఏరడం మానేద్దామని కొందరు. మానేస్తే పక్క కౌంటీ నుంచి కూలీలు వస్తారని ఇంకొకరు. అర్జీలియా లేచింది.

"మనల్ని మిల్లు గేటు దగ్గర ఆపని రోజు ఒకటుంది" అంది. "పత్తితో వెళ్ళిన రోజు."

బోర్డు కూర్చున్న రోజు మధ్యాహ్నం లూషస్ ట్రాక్టరు మిల్లు గేట్లోకి వచ్చింది. వెనక ట్రాలీ, దాని మీద టార్పాలిన్. గేటు మనిషి లేచి చూడను కూడా లేదు. వెనకాల పత్తి బళ్ళు బారులు తీరి ఉన్నాయి, ఎక్కువ డనవేవి, మిగతావి బోర్డులో ఉన్న మిగతా దొరలవి. మిల్లులోకి పోయే ప్రతి బండీ ముందు కాటా ఎక్కాలి. కాటా ఒక్కటే.

లూషస్ ట్రాలీని కాటా మధ్యకి తెచ్చి, ఇంజను ఆపి, తాళంచెవి మిల్లు వెనక మడుగులోకి విసిరేశాడు. అర్జీలియా టార్పాలిన్ లాగింది. కింద పత్తి లేదు. బడి పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని చెమటతో తడిసి ఉన్నారు. వాళ్ళ మధ్య నుంచి మిస్ టెంపీ లేచి నిలబడి, పాఠం ఎక్కడ ఆపామని అడిగింది. ఒడెస్సా చెప్పింది. పాఠం మొదలైంది.

డనవే ఆఫీసు గుమ్మంలోకి వచ్చాడు. వెనకే మిగతా బోర్డు.

"ఏమే అర్జీలియా, ఏంటిది? బండి తియ్యమను."

"పాఠం అవుతోంది దొరా."

"ఇది మిల్లు."

"బడికి తాళం ఉంది కదా దొరా. బోర్డు ఇక్కడ కూర్చుందంటే అడగడానికి వచ్చాం. పత్తి ఏరే అక్టోబరంతా బడి తెరిచి ఉంచండి. అదే మా మాట. ఒప్పుకుంటే బండి మేమే నెట్టుకుపోతాం."

డనవే ఆకాశం వైపు చూశాడు. పడమర నల్లగా కమ్ముకొస్తోంది. కాటా అవతల పత్తి అంతా ఆకాశం కిందే ఉంది. ఆయన దగ్గరికొచ్చి, ఆమెకి మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"చీకటి పడేలోపు నీ సామాను రోడ్డు మీద ఉంటుంది."

అర్జీలియా ట్రాలీ అంచు పట్టుకుంది. పుట్టినప్పటి నుంచీ ఆమె ఈయన నేల మీదే ఉంది. తల ఎత్తితే ట్రాలీలో ఒడెస్సా వేలితో గాలిలో అంకెలు వేస్తోంది.

"తెలుసు దొరా" అంది.

వాన మొదలైంది. పెద్ద చినుకులు. బారులో బళ్ళవాళ్ళు గోతాలు కప్పబోయారు, చాల్లేదు. పత్తి తడిసి ముద్దవుతోంటే పిల్లలు తడుస్తూనే ఎక్కం అప్పజెప్పారు. అప్పుడొచ్చాడు షెరీఫు, మనుషులతో. పిల్లల్తో మాట్లాడలేదు, టీచరుతో మాట్లాడలేదు. ముందు లూషస్‌ని సీటు మీంచి కిందికి లాగి తాళంచెవి అడిగారు. లూషస్ మడుగు చూపించాడు. తుపాకి మడమతో తల మీద కొట్టారు. పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టారు. మిస్ టెంపీ అడ్డం దూకితే చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఇంకో ట్రాక్టరు తెచ్చి, అదే ట్రాలీలో పిల్లల్నీ టీచర్నీ అలాగే ఈడ్చుకుపోయారు. ఒడెస్సా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, మలుపు దాకా.

లూషస్‌ని తెల్లవాళ్ళ ఆసుపత్రి గుమ్మంలోనే వద్దన్నారు. పక్క కౌంటీకి తీసుకుపోతుంటే దారిలో పోయాడు.

అర్జీలియా ఇంటికొచ్చేసరికి డనవే మాట నిలబెట్టుకున్నాడు. మంచం, పొయ్యి, పిండి డబ్బా అన్నీ బురదలో ఉన్నాయి. ఆమె వాటి మధ్య నిలబడి, ఏది ముందు ఎత్తుకోవాలో తెలియక, ఏదీ ఎత్తుకోకుండా పిల్లని వెతుక్కుంటూ జైలుకి నడిచింది. జైలు చిన్నది, అంతమంది పట్టరని అక్కడ చెప్పారు. మరి ఎక్కడున్నారంటే చెప్పలేదు.

చెప్పింది హోసేయా. చర్చి వసారాలో ఆమె పక్కన కూర్చుని, ముసలాయన నవ్వాలో ఏడవాలో తెలీనట్టు అన్నాడు. అంతమంది పట్టే గది, గట్టి తాళం ఉన్నది, ఊళ్ళో ఇంకోటి లేదట. బోర్డే బడి తాళం తీసి ఇచ్చిందట.

తెల్లారేసరికి అర్జీలియా బడి ముందు ఉంది. తుపాకితో షెరీఫు డిప్యూటీ ఒకడు మెట్ల మీద కూర్చున్నాడు, కుర్రవాడు. లోపల నుంచి మిస్ టెంపీ గొంతు వినిపిస్తోంది. పేర్లు పిలుస్తోంది, పిల్లలు పలుకుతున్నారు. ఒడెస్సా పలికినప్పుడు అర్జీలియా కంచె పక్కనే కూలబడింది. ఇల్లు లేదు. రేపు తినడానికి లేదు. పిల్ల ఈ కటకటాల నుంచి ఏ కటకటాలకి పోతుందో తెలీదు. లూషస్ శవం చర్చిలో ఉంది. తను అన్న ఒక్క మాటకి ఇదంతా జరిగింది. బడి మాత్రం నడుస్తోంది.

లారీ హారన్ వినిపించింది. చేలకి కూలీల్ని ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ. కూడలిలో చాలాసేపు మోగింది. ఎక్కేవాళ్ళు వస్తున్న చప్పుడు లేదు. అడుగుల చప్పుడు బడి వైపు వస్తోంది.

రోడ్డు మీద ముందు నడుస్తున్నది వెల్మా. తమ్ముడి కోసం రాత్రంతా ఏడ్చిన మొహం అది. చంటిది చంకలో, పెద్ద పిల్ల చెయ్యి చేతిలో. పిల్లకి ఆదివారం గౌను వేసింది. ఆమె వెనక వేరే దొరల పొలాల మీది వాళ్ళు, నిన్న రాని వాళ్ళు, అర్జీలియా పేరు కూడా తెలీని వాళ్ళు. అందరి చేతుల్లో పిల్లల చేతులు.

వెల్మా అర్జీలియా దగ్గర ఆగింది. చంటిదాన్ని ఆమె ఒళ్ళో పెట్టింది. పెద్దపిల్లని తీసుకుని మెట్ల దాకా వెళ్ళింది.

డిప్యూటీ లేచాడు. ఏం కావాలన్నాడు.

"దీన్ని కూడా అరెస్టు చెయ్యండి."

కుర్రవాడు పిల్లని చూశాడు, వెనక బారుని చూశాడు, దాని చివర కోసం చూశాడు.

"ఏం చేసింది ఈ పిల్ల?"

"బడికొచ్చింది" అంది వెల్మా.